విస్తళ్ళెన్ని? మనుషులెందరు? — ఎస్.క్యూ.ఎల్.లో షరతు మీద లెక్కింపు

పెళ్ళింట్లో మూడు బంతులు లేచిన తర్వాత వంటవాడు చెప్పే లెక్క ఒకటి, ఇంటాయన చెప్పే లెక్క మరొకటి. వంటవాడు విస్తళ్ళు లెక్కపెడతాడు, ఇంటాయన మనుషుల్ని లెక్కపెడతాడు. మొదటి బంతిలో భోంచేసి, మనవడి ముచ్చట కోసం మూడో బంతిలో మళ్ళీ కూర్చున్న తాతగారు వంటవాడి లెక్కలో ఇద్దరు, ఇంటాయన లెక్కలో ఒక్కరు. ఇందులో ఏదీ తప్పు కాదు, ప్రశ్నలే వేరు. ఇంతలో ఎవరో అడుగుతారు: "మగపెళ్ళివారి తరఫువాళ్ళు ఎంతమంది భోంచేశారండీ?" ఇప్పుడు మనిషిని ఒక్కసారే లెక్కపెట్టాలి, అదీ ఒక షరతుకు లోబడి లెక్కపెట్టాలి. కంప్యూటరు చేత ఈ చివరి లెక్క సక్రమంగా చేయించడమెలా అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

చూడటానికి చిన్న సంగతే. కాని డేటాబేసు పాఠం చెప్పేవాడిగా నేను గమనించినంతలో, బాగా చదివే పిల్లలు సైతం తడబడే చోటు ఇది. తప్పు చేస్తే యంత్రం కేక వేసి చెబితే ఫరవాలేదు. ఇక్కడ అలా జరగదు. నిశ్శబ్దంగా, నమ్మదగ్గట్టే కనిపించే అంకె ఒకటి తెర మీదికి వస్తుంది. ఆ అంకె కాగితం మీదికెక్కి, కమిటీ ముందుకు వెళ్ళి, డబ్బు ఎటు పోవాలో నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు ఒక కాలేజీ గ్రంథాలయం తీసుకుందాం. ఈ ఏడాది సాహిత్య పుస్తకాలు కొనాలా, ఆ పద్దు కూడా పాఠ్యపుస్తకాలకే మళ్ళించాలా అన్నది కమిటీ ముందున్న ప్రశ్న అనుకోండి. "అసలు సాహిత్యం చదివేవాళ్ళెంతమందున్నారు? కోర్సులవారీగా చెప్పండి" అని అడిగారు. పుస్తకాలిచ్చిన రిజిస్టరు మన దగ్గర ఉంది. దాని పేరు 'ఇష్యూలు'. అందులో ఒక్కొక్క వరుసా ఒక్కొక్క పుస్తకం ఇచ్చిన సందర్భం. చేత్తో సరిచూసుకునేందుకు వీలుగా 12 వరుసలే పెట్టుకుందాం.

రోల్ — కోర్సు — విభాగం
101 — బి.ఎ. — సాహిత్యం
101 — బి.ఎ. — సాహిత్యం
101 — బి.ఎ. — పాఠ్యం
102 — బి.ఎ. — పాఠ్యం
102 — బి.ఎ. — సాహిత్యం
201 — బి.కాం. — పాఠ్యం
201 — బి.కాం. — పాఠ్యం
202 — బి.కాం. — పాఠ్యం
301 — బి.ఎస్సీ. — సాహిత్యం
301 — బి.ఎస్సీ. — పాఠ్యం
301 — బి.ఎస్సీ. — సాహిత్యం
302 — బి.ఎస్సీ. — పాఠ్యం

వేలితో లెక్కపెట్టండి. మొత్తం విద్యార్థులు 6గురు. సాహిత్యం వరుసలు 5. కాని సాహిత్యం తీసుకున్న విద్యార్థులు 101, 102, 301 — ముగ్గురే. కోర్సులవారీగా బి.ఎ.లో ఇద్దరు, బి.కాం.లో ఎవరూ లేరు, బి.ఎస్సీ.లో ఒక్కరు. ఈ 2, 0, 1 అనే అంకెల్ని గుర్తుపెట్టుకోండి. ముందు ముందు వీటితోనే పని.

అసలు ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టే అవస్థ ఎందుకొచ్చిందో ఒక్కమాట చెప్పాలి. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రకటించిన సిద్ధాంతంలో పట్టిక అంటే గణితశాస్త్రంలోని సమితి వంటిది. సమితిలో ఒకే సభ్యుడు రెండుసార్లుండడు. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 'సీక్వెల్' అనే ప్రశ్నల భాషను ప్రకటించారు. నేటి ఎస్.క్యూ.ఎల్. దాని సంతానమే. ఆచరణలో మాత్రం ఈ భాష నకళ్ళను సహించింది. మనం రోల్ నంబర్లు మాత్రమే అడిగితే 101ని మూడుసార్లు నిస్సంకోచంగా చూపిస్తుంది. ఒక్కసారే కావాలంటే 'డిస్టింక్ట్' అని నోరు తెరిచి అడగాల్సిందే. ఆ మాట మన బాధ్యత, యంత్రానిది కాదు.

ఆదేశాలను ఈ సంచిక కోసం తెలుగు లిపిలో రాస్తున్నాను. యంత్రం ముందు కూర్చున్నప్పుడు సెలెక్ట్, కౌంట్ వగైరాలను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి సుమా!

అందరికీ మొదట తోచే పద్ధతి ఇది:

సెలెక్ట్ కోర్సు, కౌంట్(డిస్టింక్ట్ రోల్)
ఫ్రమ్ ఇష్యూలు
వేర్ విభాగం = 'సాహిత్యం'
గ్రూప్ బై కోర్సు;

వచ్చే జవాబు: బి.ఎ. 2, బి.ఎస్సీ. 1. అంకెలు సరైనవే. కాని బి.కాం. ఏమైపోయింది? 'వేర్' అనేది గుమ్మం దగ్గర కాపలావాడు. సాహిత్యం కాని వరుసల్ని లోపలికే రానివ్వలేదు. బి.కాం. వరుసలన్నీ బయటే నిలబడిపోయాయి కాబట్టి ఆ పేరే జాబితాలో లేదు. కమిటీకి అన్నిటికంటే ముఖ్యంగా తెలియాల్సింది ఆ సున్నాయే కదా! లేని వరుసను ఎవరూ చూడరు. పైగా పక్కనే "పాఠ్యపుస్తకాలు తీసుకున్నవారు" అని ఇంకో నిలువు వరుస కావాలంటే ఈ పద్ధతిలో కుదరదు. కాపలావాడు వాళ్ళనెప్పుడో పంపేశాడు.

అందుచేత షరతును గుమ్మం దగ్గర కాక, లెక్కపెట్టే బల్ల దగ్గర పెట్టాలి. దీనికి 'కేస్' అనే ప్రయోగం ఉంది. 1992 నాటి ప్రమాణంతో ఇది భాషలో అధికారికంగా చేరింది.

సెలెక్ట్ కోర్సు,
కౌంట్(డిస్టింక్ట్ కేస్ వెన్ విభాగం = 'సాహిత్యం' దెన్ రోల్ ఎండ్) యాజ్ సాహిత్య_పాఠకులు,
కౌంట్(డిస్టింక్ట్ కేస్ వెన్ విభాగం = 'పాఠ్యం' దెన్ రోల్ ఎండ్) యాజ్ పాఠ్య_పాఠకులు
ఫ్రమ్ ఇష్యూలు
గ్రూప్ బై కోర్సు;

జవాబు: బి.ఎ. 2, 2, బి.కాం. 0, 2, బి.ఎస్సీ. 1, 2. మనం వేలితో లెక్కపెట్టినదే వచ్చింది. మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్.క్యూ.ఎల్. సర్వర్, ఎస్.క్యూ.లైట్ — వీటిలో దేనిలో రాసినా ఇది ఇలాగే పనిచేస్తుంది. ఒక్కటే నేర్చుకుంటానంటే దీన్నే నేర్చుకోమంటాను.

ఇది ఎందుకు పనిచేస్తోందో తెలుసుకోకుండా బట్టీపడితే మాత్రం ప్రయోజనం లేదు. షరతు నెరవేరిన వరుస దగ్గర 'కేస్' రోల్ నంబరును చేతికిస్తుంది. నెరవేరని వరుస దగ్గర ఏమిస్తుంది? మనం 'ఎల్స్' అని ఏమీ రాయలేదు కాబట్టి 'నల్' ఇస్తుంది. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ అక్షరమాలా కాదు. విలువే లేకపోవడం. కుండలీకరణాల్లో ఏదైనా నిలువు వరుసో, సూత్రమో ఇచ్చినప్పుడు 'కౌంట్' నల్‌ను లెక్కలోకి తీసుకోదు. ఆ ఒక్క నియమం మీదే ఈ పద్ధతంతా నిలబడింది.

ఇప్పుడు చూడండి చోద్యం. 'కేస్'కు 'ఎల్స్' లేకపోతే వాక్యం అసంపూర్ణంగా ఉందనిపిస్తుంది. మర్యాదస్తుడైన విద్యార్థి, పని సగంలో వదలకూడదనే మంచి ఉద్దేశంతోనే, 'ఎల్స్ 0' అని చేరుస్తాడు:

కౌంట్(డిస్టింక్ట్ కేస్ వెన్ విభాగం = 'సాహిత్యం' దెన్ రోల్ ఎల్స్ 0 ఎండ్)

దీనికి యంత్రం అభ్యంతరం చెప్పదు. జవాబు మాత్రం బి.ఎ. 3, బి.కాం. 1, బి.ఎస్సీ. 2 అని వస్తుంది! బి.ఎ.లో 101, 102లతో పాటు 0 అనే మూడో విలువ చేరింది. బి.కాం.లో మరీ అన్యాయం. అక్కడ సాహిత్యం తీసుకున్నవాడొక్కడూ లేడు. కాని సున్నా నంబరు గల విద్యార్థి ఒకడు పుట్టుకొచ్చి, పుస్తకం తీసుకుని, చదివి, లెక్కలోకి కూడా ఎక్కాడు. షరతుకు సరిపడని వరుస ఒక్కటి ఉన్నా చాలు, ప్రతి కోర్సులోనూ ఈ అదృశ్య విద్యార్థి ప్రత్యక్షమవుతాడు. మూడు కోర్సులూ కూడితే 6. అది సరిగ్గా మన విద్యార్థుల మొత్తం సంఖ్యతో కాకతాళీయంగా సరిపోయింది కూడా! ఈ కాగితం చూసిన కమిటీవారు "అందరూ సాహిత్యం చదువుతున్నారన్నమాట" అని సంతోషించి లేచిపోవచ్చు.

వేలమంది ఉన్న చోట ఒకటి ఎక్కువైతే ఏం మునిగిపోయిందని అడిగేవాళ్ళుంటారు. పెద్ద గుంపుల్లో ఏమీ మునగదు, నిజమే. చిన్న గుంపుల్లోనే మునుగుతుంది. ఎవరూ లేని చోట "ఒకరున్నారు" అనడం, ఉన్న ఒక్కరినీ "ఇద్దరు" అనడం — ఉపకార వేతనాలకు గాని, వసతిగృహంలో సీట్లకు గాని ఇలాంటి చిన్న అంకెల మీదే వాదోపవాదాలు జరుగుతాయి.

ఈ సున్నా ఎక్కడినుంచి అలవాటైందో ఊహించడం కష్టం కాదు. సందర్భాలను, అనగా విస్తళ్ళను, లెక్కపెట్టేటప్పుడు 'సమ్(కేస్ వెన్ విభాగం = 'సాహిత్యం' దెన్ 1 ఎల్స్ 0 ఎండ్)' అని రాయడం సంప్రదాయం. అది 5 అనే సరైన జవాబే ఇస్తుంది. కూడికలో సున్నా నిరపాయకరం, ఎన్ని కూడినా మొత్తం మారదు. లెక్కింపులో సున్నా కూడా ఒక విలువే, దానికీ ఒక కుర్చీ వేస్తారు. ఒక ఆదేశంలో ఉండాల్సిన అక్షరం ఇంకో ఆదేశంలో ఉండకూడనిదవుతుంది.

ఇంకొందరు క్లుప్తంగా 'కౌంట్(డిస్టింక్ట్ విభాగం = 'సాహిత్యం')' అని రాస్తారు. మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్ దీన్ని ఒప్పుకుంటాయి. మొత్తం రిజిస్టరు మీద 2 అని జవాబు చెబుతాయి. అవునన్నది ఒక విలువ, కాదన్నది ఒక విలువ. కోటి వరుసలున్నా ఈ ఆదేశానికి 2 దాటే యోగం లేదు. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ మాత్రం దీన్ని మొదట్లోనే తిరస్కరిస్తుంది. అలా తిరస్కరించేవాడే మేలు.

ఇక ఒక్కొక్క వ్యవస్థ యాస ఎలా ఉంటుందో చూద్దాం. ప్రమాణ భాషలో 2003లో 'ఫిల్టర్' అనే అందమైన ప్రయోగం చేరింది:

కౌంట్(డిస్టింక్ట్ రోల్) ఫిల్టర్ (వేర్ విభాగం = 'సాహిత్యం')

చదివితేనే అర్థమవుతోంది చూడండి. ఏమి లెక్కపెట్టాలో ఒక చోట, ఏ షరతు మీదో ఒక చోట. సున్నా దూరే సందు లేదు. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 2014లో వచ్చిన 9.4 కూర్పు నుంచి, ఎస్.క్యూ.లైట్‌లో 2019 నాటి 3.30 కూర్పు నుంచి ఉంది. మైసీక్వెల్, ఎస్.క్యూ.ఎల్. సర్వర్ వాడేవాళ్ళు 'కేస్'తోనే కాలక్షేపం చేయాలి. మైసీక్వెల్‌లో 'ఇఫ్(విభాగం = 'సాహిత్యం', రోల్, నల్)' అనే పొట్టి రూపముంది. ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో 2012 కూర్పు నుంచి 'ఐ.ఐ.ఎఫ్.' అని అలాంటిదే ఉంది. ఈ పొట్టి రూపాల్లో మూడో స్థానాన్ని ఖాళీగా వదలడానికి వీల్లేదు కనుక నల్ అని స్పష్టంగా రాయాలి. ఒకవిధంగా అదే మంచిది, ఆలోచించి రాస్తాం. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ ఈ లెక్క చేశాక నల్ విలువల్ని వదిలేశానని ఒక హెచ్చరిక కూడా చూపిస్తుంది. కంగారుపడక్కర్లేదు, మనకు కావలసినదే అది. ఒరాకిల్‌లో పాతకాపులు 'డీకోడ్' వాడేవారు. పాత ప్రోగ్రాములు సరిచేయవలసి వచ్చినప్పుడు అది మీకు తారసపడుతుంది.

గూగుల్ వారి బిగ్‌క్వెరీలో 'కౌంట్‌ఇఫ్' అని ఉంది. పేరు చూసి, దానికే 'డిస్టింక్ట్' తగిలిస్తే పని అయిపోతుందనుకుంటారు. కాదు. అది నిజమైన షరతుల్ని లెక్కపెడుతుంది, మనుషుల్ని కాదు. వేర్వేరు 'నిజాలు' ఎన్ని అంటే ఒక్కటే కదా! అక్కడ కూడా 'కౌంట్(డిస్టింక్ట్ ఇఫ్(షరతు, రోల్, నల్))' అనే పాత దారే గతి.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఇంకా విచిత్రం. దాని సొంత భాషలో 'కౌంట్(డిస్టింక్ట్ ...)' అన్న మాటే లేదు. కాని చిన్న కార్యాలయాల్లో ఇప్పటికీ అది కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి వదిలేయలేం. అక్కడ రెండంచెల పద్ధతి వాడాలి. ఈ పద్ధతి యాక్సెస్ కోసమే కాదు, అన్నిటికంటే శక్తిమంతమైనది కూడా ఇదే కనుక కాస్త నిలబడి చూద్దాం.

కమిటీవారు ఇంకో ప్రశ్న వేశారనుకోండి: "పాఠ్యపుస్తకాలు తప్ప ఇంకేమీ ముట్టనివాళ్ళెందరు?" దీనికి 'కేస్ వెన్ విభాగం <> 'సాహిత్యం' దెన్ రోల్ ఎండ్' అని రాస్తే 6 వస్తుంది. ఎందుకంటే 101కి కూడా ఒక పాఠ్యం వరుస ఉంది. ఆ వరుస దగ్గర నిలబడి చూస్తే 101 సాహిత్యం తీసుకున్న సంగతి కనపడదు. ఇక్కడ షరతు వరుస మీద కాదు, మనిషి మీద. కనుక ముందు మనిషికొక వరుస తయారుచేయాలి:

సెలెక్ట్ కోర్సు, సమ్(సాహి) యాజ్ సాహిత్య_పాఠకులు,
సమ్(కేస్ వెన్ పాఠ్య = 1 అండ్ సాహి = 0 దెన్ 1 ఎల్స్ 0 ఎండ్) యాజ్ పాఠ్యం_మాత్రమే
ఫ్రమ్ (సెలెక్ట్ కోర్సు, రోల్,
మ్యాక్స్(కేస్ వెన్ విభాగం = 'సాహిత్యం' దెన్ 1 ఎల్స్ 0 ఎండ్) యాజ్ సాహి,
మ్యాక్స్(కేస్ వెన్ విభాగం = 'పాఠ్యం' దెన్ 1 ఎల్స్ 0 ఎండ్) యాజ్ పాఠ్య
ఫ్రమ్ ఇష్యూలు గ్రూప్ బై కోర్సు, రోల్) యాజ్ టి
గ్రూప్ బై కోర్సు;

లోపలి ప్రశ్న ఒక్కొక్క విద్యార్థికి ఒక వరుస చేసి, సాహిత్యం ఒక్కసారైనా తీసుకుంటే 1, లేకపోతే 0 అని ముద్ర వేస్తుంది. బయటి ప్రశ్న ఆ ముద్రల్ని కూడుతుంది. నకలు అనేదే లేదు కాబట్టి 'డిస్టింక్ట్' అవసరం లేదు. కూడిక కాబట్టి ఇక్కడ 'ఎల్స్ 0' ఉండాల్సిందే. పాఠ్యం మాత్రమే తీసుకున్నవారు బి.ఎ.లో 0, బి.కాం.లో 2, బి.ఎస్సీ.లో 1. మొత్తం ముగ్గురు, అనగా 201, 202, 302. చేత్తో సరిచూసుకోండి. యాక్సెస్‌లో 'కేస్' బదులు 'ఐ.ఐ.ఎఫ్.' పెడితే ఇదే నడుస్తుంది. ఒరాకిల్‌లో 'టి' ముందున్న 'యాజ్' తీసేయాలి, పట్టిక మారుపేరుకు ముందు అది ఆ మాట ఒప్పుకోదు.

అసలు గ్రంథాలయం గుమ్మమే తొక్కని కోర్సు ఉంటే? ఇష్యూలలో దాని పేరే ఉండదు, ఏ 'కేస్' దాన్ని పుట్టించలేదు. అప్పుడు విద్యార్థుల పట్టికతో మొదలుపెట్టి ఇష్యూలను 'లెఫ్ట్ జాయిన్' చేయాలి. ఆ పిమ్మట 'వేర్ విభాగం = 'సాహిత్యం'' అని రాస్తే చేసిన జాయిన్ అంతా వృథా. షరతు 'కేస్'లోనే ఉండాలి.

'డిస్టింక్ట్' సర్వరోగనివారిణి కాదని కూడా మనవి చేస్తున్నాను. ఇష్యూలను జుల్మానా పట్టికతో కలిపినప్పుడు వరుసలు రెట్టింపయితే, తలల లెక్క 'డిస్టింక్ట్' పుణ్యాన బతికిపోతుంది కాని జుల్మానా మొత్తం ఉబ్బిపోతుంది. అప్పుడు 'సమ్(డిస్టింక్ట్ జుల్మానా)' అని రాస్తే ఇంకా ఘోరం. ఇద్దరు చెరో 5 రూపాయలు కడితే అది ఒక్క 5 రూపాయలే చూపిస్తుంది. ముందు విడివిడిగా కూడి, తర్వాత కలపాలి.

అలాగే తలల లెక్కలు కూడదగినవి కావు. సాహిత్య పాఠకులు 3, పాఠ్య పాఠకులు 6 — కూడితే 9, మన దగ్గరున్నదేమో 6గురే. జూన్ నెల పాఠకుల్ని, జులై నెల పాఠకుల్ని కూడి రెండు నెలల పాఠకులనడం కూడా ఇదే బాపతు. వార్షిక నివేదికలు చూసేటప్పుడు ఈ కన్నుతో చూడండి.

ఒకే ఆదేశానికి రెండు యంత్రాలు రెండు జవాబులు చెప్పే సందర్భం ఒకటుంది. రోల్ నంబరులో ఇంగ్లీషు అక్షరాలుండి, ఒక గుమాస్తా పెద్దబడిలోనూ ఇంకొకరు చిన్నబడిలోనూ రాశారనుకోండి. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ మామూలు అమరికలో వాటిని ఇద్దరుగా లెక్కిస్తాయి. మైసీక్వెల్ మామూలు అమరికలో ఒక్కరే. ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో కూడా సాధారణంగా అంతే. ఇక ఖాళీగా వదిలిన గడిని ఒరాకిల్ నల్‌గా భావించి లెక్కలోంచి తీసేస్తుంది. తక్కినవి ఆ ఖాళీ అక్షరమాలను కూడా ఒక విలువగా లెక్కపెడతాయి. అందుకే లెక్కకు ముందు రోల్ నంబర్లను ఒక్క పద్ధతిలోకి మార్చుకోవడం మేలు.

కోట్లాది వరుసలున్న చోట సరిగ్గా లెక్కించడం భారమై, ఉజ్జాయింపు లెక్క చెప్పే పద్ధతులు వచ్చాయి. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫిలిప్ ఫ్లాజొలే, జి. నైజెల్ మార్టిన్ 1985లో వేసిన బాట అది. ఫ్లాజొలే బృందం 2007లో 'హైపర్‌లాగ్‌లాగ్' పేరిట దాన్ని మెరుగుపరిచింది. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2019లో అలాంటి ప్రమేయం చేరింది, తేడా 2 శాతానికి మించకుండా ఉండే సంభావ్యత 97 శాతమని తయారీదారుల మాట. వెబ్‌సైటుకు వచ్చిపోయేవాళ్ళను అంచనా వేయడానికి అది భేషుగ్గా పనికొస్తుంది. ఉపకార వేతనాల జాబితాకు మాత్రం ముట్టుకోకండి.

చదువరులు చేసి చూడవలసిన లెక్క ఒకటిస్తాను. పై రిజిస్టరులోనే, సాహిత్య పుస్తకాలు కనీసం రెండుసార్లు తీసుకున్న విద్యార్థులెందరో కోర్సులవారీగా చెప్పే ఆదేశం రాయండి. బి.కాం. వరుస కనిపించి తీరాలి. లోపలి ప్రశ్నలో 'మ్యాక్స్' బదులు ఏముండాలో ఆలోచించండి. జవాబు బి.ఎ. 1, బి.కాం. 0, బి.ఎస్సీ. 1 రావాలి.